శిక్ష పడ్డాక హెబియస్ కార్పస్ వేయొచ్చా?

తమ్ముడికి సెషన్స్ కోర్టు పదేళ్ల జైలు వేసిందని, అది తప్పుడు కేసని, హెబియస్ కార్పస్ (అక్రమంగా నిర్బంధించిన మనిషిని విడిపించమని కోర్టులో వేసే రిట్ పిటిషన్) వేసి బయటికి తెచ్చుకోవచ్చా అని అడిగారు. దాని మీద ఆశ పెట్టుకోకండి. ముందు అప్పీలు వేయండి.

మా బాబాయికి యావజ్జీవం పడినప్పుడు ఊళ్లో ఓ పెద్దాయన "హైకోర్టులో రిట్ వేస్తే వారంలో వచ్చేస్తాడు" అన్నాడు. ఇల్లంతా ఆ మాటే పట్టుకుంది. మేం కలిసిన లాయరు గారు తీర్పు కాపీ బల్ల మీద పెట్టి, "ఏ అధికారంతో లోపల పెట్టారని అడగడమే హెబియస్ కార్పస్. దానికి జవాబు ఇదిగో, ఈ తీర్పే. ఇది తప్పని తేల్చాలంటే సాక్ష్యాలన్నీ మళ్లీ చదవాలి, అది అప్పీల్లోనే కుదురుతుంది" అన్నారు. సుప్రీంకోర్టు 1971లో బి. రామచంద్రరావు కేసులో చెప్పిందీ ఇదే: విచారించే అధికారమున్న కోర్టు జైలుకు పంపితే, ఆ ఉత్తర్వు పైకి చూడగానే పరిధి దాటిందనో పూర్తిగా చట్టవిరుద్ధమనో కనపడితే తప్ప ఈ రిట్ ఇవ్వరు.

సెషన్స్ కోర్టు తీర్పు మీద హైకోర్టుకు అప్పీలు గడువు 60 రోజులు. సర్టిఫైడ్ కాపీకి పట్టిన రోజులు అందులో లెక్కకు రావు. శిక్ష పడినవాళ్లకు తీర్పు కాపీ ఉచితం. లాయరుకు డబ్బుల్లేకపోతే జైలు అధికారుల ద్వారానే అప్పీలు పంపొచ్చు, లీగల్ సర్వీసెస్ వాళ్లు లాయరును పెడతారు. అప్పీలుతో పాటే శిక్ష నిలిపివేత, బెయిలు కోసం బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం) సెక్షన్ 430 కింద (పాత సీఆర్‌పీసీలో 389) పిటిషన్ వేయించండి. ఆలస్యమైనా మా బాబాయి ఇంటికొచ్చింది దానితోనే. వకాల్తా (లాయరుకు కేసు అప్పగించే కాగితం) మీద మీ తమ్ముడి సంతకం కింద జైలు అధికారి సంతకం, సీలు పడ్డాయో లేదో జైలు గేటు దగ్గరే చూసుకోండి. లేకపోతే ఆ కాగితం కోసం మళ్లీ అంత దూరం తిరగాలి.

శిక్ష పూర్తయినా వదలకపోతే, కేసు కొట్టేసినా లోపలే ఉంచితే, అప్పుడు మాత్రం హెబియస్ కార్పస్సే దారి. బిహార్‌లో రుదుల్ షాను 1968లో నిర్దోషి అన్నారు, వదిలింది 1982లో. పద్నాలుగేళ్లు! తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. ఆ హెబియస్ కార్పస్ పిటిషన్ మీదే 1983లో సుప్రీంకోర్టు పరిహారం ఇప్పించింది.

ఇంకొక్కటి, మీ ప్రశ్నలో లేదు కాబట్టి అడుగుతున్నాను. నేరం జరిగిందన్న తేదీకి మీ తమ్ముడికి 18 నిండాయా? నిండకపోతే ఆ సంగతి ఏ కోర్టులోనైనా, ఏ దశలోనైనా, కేసు పూర్తిగా ముగిశాక కూడా లేవనెత్తొచ్చని మైనర్ల కేసులకు ఉన్న జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 9 చెబుతోంది. అనుమానం ఉంటే టెన్త్ సర్టిఫికెట్ తీసి లాయరుకు చూపించండి.