వాటర్లూ బ్రిటిష్ సైనికుల బొమ్మలకు ఏ ఎరుపు వేయాలి?

మీరు అడిగింది ఇది: 28 మి.మీ. ఎత్తు ప్లాస్టిక్ బొమ్మల డబ్బా కొన్నారు, వాటర్లూ (1815లో నెపోలియన్ ఓడిపోయిన యుద్ధం) నాటి బ్రిటిష్ పదాతిదళం. అందరికీ ఒకే ఎరుపు వేస్తే సరిపోతుందా, రెజిమెంట్ల మధ్య తేడా ఎలా తెలుస్తుంది అని. ఇదే విషయంలో 24 బొమ్మలు పాడుచేసుకున్నవాణ్ణి కాబట్టి చెప్తున్నాను.

ఎరుపే కదా అని సీసాలో బాగా మెరిసేది చూసి అందరికీ పూసేశాను. వరసగా నిలబెట్టి చూస్తే పెళ్ళి ఊరేగింపులో బ్యాండువాళ్ళు! యుద్ధానికి వచ్చినట్టు ఒక్కడూ లేడు.

తర్వాత తెలిసింది, ఆ సైన్యంలో ఎరుపు ఒకటి కాదని. ఆఫీసర్ల కోటు మేలురకం ఉన్ని. దానికి కోచినీల్ అనే పురుగు నుంచి తీసిన అద్దకం వేసేవారు. మెక్సికోలో బ్రహ్మజెముడు జాతి మొక్కల మీద పెరిగే పురుగు అది. ఆ రంగు మందార పువ్వులా నిగనిగలాడుతుంది. మామూలు సైనికుడి కోటు ముతక ఉన్ని, అద్దకం మ్యాడర్ అనే మొక్క వేరుతో. మన బందరు కలంకారీ ఎరుపు పూర్వం చిరివేరుతో వచ్చేది కదా, ఆ చిరివేరూ ఈ మ్యాడరూ ఒకే కుటుంబం మొక్కలు, రెండింట్లోనూ రంగునిచ్చేది అలిజారిన్ అనే పదార్థమే. అందుకే నేను ఇప్పుడు రంగు కలిపేటప్పుడు ఇంట్లో పాత కలంకారీ దుప్పటి ఒకటి పక్కన పెట్టుకుంటాను. పదేళ్ళు ఉతికిన ఆ ఇటుక ఎరుపు చూశాక సీసాలో ఎరుపు నేరుగా వేయబుద్ధి కాదు. సార్జెంట్ల గుడ్డ సైనికులకన్నా మేలైనది కాబట్టి వాళ్ళకు కాస్త ప్రకాశం పెంచొచ్చు.

నేను వేసే పద్ధతి: ముందు ఎర్రమట్టి లాంటి గోధుమ రంగు మొత్తం పూస్తాను. వల్లెహో అనే రంగుల కంపెనీ వాళ్ళ కావల్రీ బ్రౌన్ దీనికి బాగుంటుంది. దాని మీద ఎరుపు పలచగా రెండు పొరలు వేస్తాను, మడతల లోపల గోధుమ రంగు కనిపించేలా వదిలేస్తూ. అంచులు తేల్చడానికి ఎరుపులో తెలుపు కలపకండి, గులాబీ అయిపోతుంది. కొంచెం నారింజ కలపండి, చాలు.

ఇక రెజిమెంటు. దాన్ని గుర్తుపట్టేది కోటుతో కాదు. కాలర్, చేతి పట్టీలు, భుజం పట్టీల రంగుతో. దీన్నే ఫేసింగ్ అంటారు. వాటర్లూలో హాల్కెట్ అనే జనరల్ కింద ఉన్న నాలుగు రెజిమెంట్ల దళం, హాల్కెట్ బ్రిగేడ్ తీసుకోండి: 30వ రెజిమెంటుకు లేత పసుపు, 69కి ఆకుపచ్చ, 73కి ముదురు ఆకుపచ్చ. నాలుగోది 33. నేను ఎంచుకున్నది అదే, ఎందుకంటే 1799లో శ్రీరంగపట్నం మీదికి వచ్చిన రెజిమెంటది; వాటర్లూలో బ్రిటిష్ సేనాపతి అయిన వెల్లింగ్టన్ అప్పటికి కర్నల్ ఆర్థర్ వెలస్లీ. కథ బాగుంది, ఎంపికే బాగోలేదు. 33 ఫేసింగ్ కూడా ఎరుపే! ఎర్ర కోటుకి ఎర్ర కాలర్, ఎర్ర చేతి పట్టీ. చేయి దూరంలో పెడితే ఏదీ కనబడదు. చివరికి ఆదుకుంది తెల్ల లేసు. కాలర్ చుట్టూ, చేతి పట్టీ మీద బొత్తాం బొత్తాంకీ సన్నని తెల్ల గీత. దాని కింద ముదురు గోధుమ గీత ముందే వేసుకుంటేనే ఆ తెలుపు తేలింది. మొదటి డబ్బాకి మాత్రం పసుపో ఆకుపచ్చో ఉన్న రెజిమెంటే తీసుకోండి, కళ్ళు బతుకుతాయి.

లేసు, బొత్తాల వరసలు కూడా అందరికీ ఒకటి కాదు. రాజు రక్షణ దళాలైన గార్డ్స్‌లో అయితే సులువు గుర్తు: మొదటి గార్డ్స్‌కు బొత్తాలు ఒక్కొక్కటిగా, కోల్డ్‌స్ట్రీమ్‌కు రెండేసి, మూడో గార్డ్స్‌కు మూడేసి. డ్రమ్ము వాయించేవాడికి చాలా రెజిమెంట్లలో రంగులు తిరగేసి ఉంటాయి, అంటే 69లో వాడి కోటు ఆకుపచ్చ. ఒక్కడు వరసలో ఉంటే చాలు, బొమ్మలకు ప్రాణం వస్తుంది.

టోపీ విషయంలో తేదీ చూసుకోండి. పొగగొట్టంలా నిలువుగా ఉండే షాకో 1800లో వచ్చింది; ముందు భాగం ఎత్తుగా లేచి ఉండే బెల్జిక్ షాకో 1812లో. వాటర్లూకి బెల్జిక్ వేయాలి, కానీ 28వ రెజిమెంటు, లైట్ ఇన్‌ఫెంట్రీ, రైఫిల్స్ దళాలు పాతదే ఉంచుకున్నాయి. 1799 శ్రీరంగపట్నం బొమ్మకి షాకో పెడితే మాత్రం తప్పే. అలాగే 33ని స్పెయిన్ యుద్ధంలో (1808–14) నిలబెట్టకండి, అది అందులో లేదు; అప్పుడు చాలాకాలం ఇండియాలోనే ఉంది.

మిగతావి త్వరగా. ప్యాంటు బూడిద రంగు, వీపు సంచి నలుపు, గుండ్రటి చెక్క నీళ్ళ సీసా లేత నీలం. ఛాతీ మీది అడ్డపట్టీలు తెలుపే కానీ ముందు లేత బూడిద పూసి, అంచులు వదిలి పైన తెలుపు వేయండి. తుపాకీ గొట్టానికి నల్లటి లోహం రంగు వేయకండి. అప్పట్లో దాన్ని బాగా రుద్ది మెరిపించేవారు. ఆ తుపాకీ పేరు ఇండియా ప్యాటర్న్, గొట్టం పొడవు 39 అంగుళాలు. అసలు ఈస్టిండియా కంపెనీ కోసం చేయించిన నమూనా. 1793లో ఫ్రాన్స్‌తో యుద్ధం మొదలయ్యాక ప్రభుత్వం కంపెనీ నిల్వల నుంచే తీసుకుంది.

మాది విజయవాడ. మే నెలలో బ్రష్ మీదే రంగు ఎండిపోతుంది. స్వీట్ల డబ్బాలో తడి స్పాంజి, దాని మీద బటర్ పేపర్ పరిచి అందులో కలుపుకుంటే సాయంత్రం దాకా ఉంటుంది.

ఆ పాడైన 24 మందిని మళ్ళీ వేశాను, ముగ్గురిని తప్ప. వాళ్ళు ఆఫీసర్లు, ఆ మెరిసే ఎరుపు వాళ్ళకి అనుకోకుండా సరిగ్గా కుదిరింది. మీ మొదటి అయిదుగురూ అయ్యాక ఫోటో పెట్టండి, ట్యూబులైటు కింద కాకుండా కిటికీ దగ్గర తీసి.