7 వారాల పాపతో రోజును సర్దుకునేదెలా?

ప్రశ్న: మాకు 7 వారాల పాప. కాన్పుకు ముందు ఆఫీసు పనీ ఇంటి పనీ వేళ తప్పకుండా చక్కబెట్టుకునేదాన్ని. ఇప్పుడు పొద్దున రాసుకున్న పనుల్లో సాయంత్రానికి ఒక్కటీ తెమలడం లేదు. మావారు ‘ఏం చేయాలో చెప్పు, చేస్తాను’ అంటారు గానీ, ఆ చెప్పడమే నాకు ఇంకో పనిగా తయారైంది. పాపను ఒక టైమ్‌టేబుల్‌కు అలవాటు చేయడం ఎలా? – ఒక పాఠకురాలు

జవాబు: ముందుగా మీ రోజు ఎటు పోతోందో లెక్క చూడండి. ఈ వయసు పిల్లలకు రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు పట్టాల్సి వస్తుంది. పాలివ్వడం, భుజాన వేసుకుని త్రేన్చేదాకా వీపు తట్టడం, డైపర్ మార్చడం, మళ్లీ జోకొట్టడం అన్నీ కలిపి ఒక్కోసారికి 40 నిమిషాలు అనుకున్నా, 10 సార్లకు ఆరున్నర గంటలు దాటిపోతుంది. అందులో కొంత భాగం అర్ధరాత్రి చేస్తున్నారు. మీ జాబితాలో ఎక్కడా కనిపించని ఈ పనంతా చేసి కూడా ‘ఏమీ చేయలేదు’ అని మిమ్మల్ని మీరు నిందించుకోవడం న్యాయం కాదు.

ఇక టైమ్‌టేబుల్ సంగతి. రాత్రి పగలు తేడా తెలిసే శరీర లయ పిల్లల్లో సాధారణంగా రెండు మూడు నెలలకు గానీ కుదురుకోదు. పైగా చాలామంది పిల్లలు 6 వారాల ప్రాంతంలోనే మిగతా రోజులకంటే ఎక్కువగా ఏడుస్తారు. మూడు నాలుగు నెలలకు అది తగ్గుతుంది. కాబట్టి ఇప్పుడు గంటల ప్రకారం నడిపించాలని చూస్తే మీకు అలసటే మిగులుతుంది. పగలు గదిలోకి వెలుతురు రానిచ్చి, రాత్రి పాలు పట్టేటప్పుడు మసక వెలుగులో, మాటలు తగ్గించి పని ముగిస్తే ప్రస్తుతానికి చాలు.

పనులను వేళల వారీగా కాక, పట్టే సమయాన్ని బట్టి రాసుకోండి. పది నిమిషాల పనులు ఒక పక్క, పాప ఒక పూర్తి కునుకు తీస్తే గానీ కానివి ఇంకో పక్క. రెండో రకంలోంచి రోజుకు ఒక్కటే ఎంచుకోండి. పాప పడుకున్న ప్రతిసారీ పనికి లేవకండి. పగటి కునుకుల్లో కనీసం ఒకటి మీ విశ్రాంతికే ఉండాలి.

మీ ప్రశ్నలో అన్నిటికంటే ముఖ్యమైనది మీవారి మాట అని నా అభిప్రాయం. ఆయన మంచి మనసుతోనే అంటున్నారు, కానీ పనిని గుర్తుపెట్టుకునే భారం మీ మీదే ఉన్నంతకాలం చేతిసాయం వల్ల మీ తల బరువు తగ్గదు. అందుకని పనులను ముక్కలుగా కాకుండా మొత్తంగా అప్పగించండి. ఉదాహరణకు డైపర్లు ఆయనవి అనుకుంటే, ఎన్ని మిగిలాయో చూడడం, అయిపోకముందే తేవడం, పడుకునేముందు రాత్రికి కావలసినవి మంచం పక్కన సర్దడం కూడా ఆయనవే. టీకాల తేదీలు, డాక్టరు అపాయింట్‌మెంట్లు కూడా అలాగే ఇవ్వవచ్చు. ఆయన బట్టలు పెట్టే మడత మీ మడతలా లేకపోయినా సరిదిద్దకండి; సరిదిద్దిన పని తిరిగి మీ దగ్గరికే వస్తుంది.

రాత్రిని కూడా పంచుకోండి. తొలి సగం ఒకరు, మలి సగం ఒకరు మేలుకుంటే ఇద్దరికీ నాలుగైదు గంటల నిద్ర పడుతుంది. పాపకు మీ పాలే పడుతుంటే, ఆయన వంతులో పాపను మీ దగ్గరికి తెచ్చి, పాలు తాగాక మిగతాదంతా ఆయనే చూసుకోవచ్చు. పాలిచ్చే చోట ఒక కాగితం అంటించి పాలు పట్టిన వేళ, ఏ వైపు ఇచ్చారు, డైపర్ తడిసిందా అన్నవి రాయండి. రాత్రి వంతు మారేటప్పుడు ఒకరినొకరు లేపి అడగనక్కర్లేదు.

చివరగా ఒక మాట. దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, పాప పడుకున్నా మీకు నిద్ర పట్టకపోవడం రెండు వారాలకు మించి ఉంటే అది సమయం సర్దుకోవడంతో తీరేది కాదు. ప్రసవానంతర కుంగుబాటు చికిత్సతో తగ్గుతుంది. అలా అనిపిస్తే పాప టీకా తేదీ దాకా ఆగకుండా వెంటనే డాక్టరుతో మాట్లాడండి.