ఆడించలేదంటే పక్కన పెట్టినట్టేనా?

పిల్లలు ఎమ్మెస్‌కని అమెరికా వెళ్లిన ఇళ్లలో శనివారం ఫోన్ మోగితే చదువు, వంట తర్వాత మూడో మాట ఫుట్‌బాల్ అవుతోంది. మనం కాలితో తన్నే ఆట కాదు. హెల్మెట్లు పెట్టుకుని కోడిగుడ్డు ఆకారపు బంతితో ఆడేది, అందులోనూ కాలేజీ జట్లది. ఈ నెల తిరుపతి, చిత్తూరు వైపు నుంచి వచ్చిన ప్రశ్నలు తిరిగి తిరిగి ఒకచోటికే వస్తున్నాయి: ఫలానా కుర్రాడిని ఎందుకు దింపడం లేదు? వాడు ఎదుగుతున్నట్టా, లేనట్టా?

ప్రశ్న: మా అబ్బాయి చదివే యూనివర్సిటీ జట్టులోకి ఐదు నక్షత్రాల (స్కూలు ఆటగాళ్లకు ఇచ్చే అత్యున్నత రేటింగ్) కుర్రాడు వచ్చాడని ఊరంతా చెప్పుకున్నారట. సీజన్ సగం దాటింది, రెండు మ్యాచుల్లో మాత్రం కనిపించాడు. అంత పేరున్నవాడిని కూర్చోబెట్టడం ఏం లెక్క సార్? – కె.వి.ఆర్., బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: లెక్క పేరు రెడ్‌షర్ట్. కాలేజీ ఆటగాడికి అయిదేళ్ల గడువులో నాలుగు సీజన్లు ఆడే హక్కు ఉంటుంది. మిగిలిన ఒక ఏడాది కూర్చుని సాధన చేసుకోవచ్చు, అదే రెడ్‌షర్ట్. 2018కి ముందు ఒక్క మ్యాచ్‌లో ఒక్కసారి మైదానంలోకి వచ్చినా ఆ సీజన్ ఖర్చయిపోయేది. 2018 నుంచి నాలుగు మ్యాచుల దాకా ఆడినా సీజన్ మిగులుతుంది. 2024లో కాన్ఫరెన్స్ (యూనివర్సిటీల కూటమి) ఫైనల్, సీజన్ చివర జరిగే బౌల్ మ్యాచులు, ప్లేఆఫ్ మ్యాచులను ఈ నాలుగింటిలోంచి తీసేశారు. 2025 సీజన్‌లో నడిచిన లెక్క ఇది.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. నాలుగు అంటే నాలుగు మ్యాచులు, నాలుగు మ్యాచుల నిండా ఆట కాదు. కిక్ ఆఫ్‌కు ఒక్కసారి పరుగెత్తి వచ్చినా ఒక మ్యాచ్ పోయినట్టే. అందుకే తెలివైన కోచ్ సెప్టెంబరులో బలహీన జట్టు మీద ఒకటో రెండో వాడి, మిగతావి నవంబరుకు దాచుకుంటాడు. అప్పటికి గాయాలతో జట్టు పలచబడి ఉంటుంది, కుర్రాడికి వ్యూహాల పుస్తకం కాస్త ఒంటబట్టి ఉంటుంది. మీరడిగిన కుర్రాడు రెండింటితో ఆగాడంటే ఇంకా రెండు చేతిలో ఉన్నాయి. ఆందోళన పడాల్సింది అయిదో మ్యాచ్‌లో మూడు నిమిషాల కోసం దింపినప్పుడు. ఏడాది మొత్తాన్ని మూడు నిమిషాలకు అమ్ముకున్నట్టు.

ఏ స్థానమో కూడా చూడాలి. బంతి పట్టుకుని పరుగెత్తే రన్నింగ్ బ్యాక్, విసిరిన బంతిని అందుకునే వైడ్ రిసీవర్, ఆ రిసీవర్‌ను కాచుకునే కార్నర్‌బ్యాక్‌లకు వేగమే పెట్టుబడి కాబట్టి మొదటి ఏడాదే నెగ్గుకొస్తారు. బంతి విసిరి ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్‌కు ఎదుటివాళ్ల డిఫెన్స్‌ను, అంటే అడ్డుకునేవాళ్ల ఎత్తును, చదవడం రావాలి. టెక్సస్‌లో ఆర్చ్ మ్యానింగ్ పేరున్న క్వార్టర్‌బ్యాక్‌ల ఇంటివాడు, ఆ ఇంటిపేరు అమెరికా అంతా తెలిసినదే, అయినా 2023లో రెండు మ్యాచులతో రెడ్‌షర్ట్ అయ్యాడు, 2024లో బ్యాకప్‌గా ఉన్నాడు, 2025లోగానీ మొదటి క్వార్టర్‌బ్యాక్ కాలేదు. ఇక క్వార్టర్‌బ్యాక్‌ను కాచే ముందు వరుస, అఫెన్సివ్ లైన్ అయితే పద్దెనిమిదేళ్లవాడు ఇరవై రెండేళ్ల 140 కిలోల మనిషిని చేతులతో ఆపాలి. వాడికి రెండేళ్లు పట్టినా ఆశ్చర్యం లేదు. ఆ బరువు తొందరపడి పెంచితే కార్బైడ్ వేసి మాగబెట్టిన మామిడే: పైకి పసుపు, లోపల పులుపు. నడుము దగ్గర కొవ్వు చేరుతుంది, అడుగు మందగిస్తుంది.

గాయపడినవాడి లెక్క వేరు. సీజన్ మొదటి సగంలో, జట్టు మ్యాచుల్లో 30 శాతానికి మించకుండా ఆడి, ఆ గాయంతో మళ్లీ దిగలేకపోతే ఆ ఏడాదిని తిరిగి ఇమ్మని యూనివర్సిటీ అర్జీ పెట్టుకోవచ్చు.

ప్రశ్న: డిఫెన్స్‌లో ఒకడు మ్యాచ్‌కు ఎనిమిది టాకిల్స్ (బంతి పట్టుకున్నవాడిని పడగొట్టడం) చేస్తాడు, ఇంకొకడు రెండు. కోచ్ రెండో వాడినే ఎక్కువ సేపు ఉంచుతాడు. ఇది పక్షపాతం కాదా? ఎవరు ఎంత ఆడారో ఇంట్లో కూర్చుని లెక్కపెట్టే దారి ఉందా? – పి. సురేంద్ర, చిత్తూరు

జవాబు: దారి ఉంది, ఓపిక కావాలి. కాలేజీ ఆటలో కొలమానం నిమిషం కాదు, స్నాప్. సెంటర్ బంతిని కాళ్ల మధ్యనుంచి వెనక్కి అందించిన ప్రతిసారీ ఒక స్నాప్. ఒక జట్టు అఫెన్స్ (బంతి చేతిలో ఉన్న వైపు) మ్యాచ్‌కు 60 నుంచి 75 స్నాప్‌లు ఆడుతుంది. పది గజాలు దాటడానికి నాలుగు ప్రయత్నాలుంటాయి, ఒక్కోటి ఒక డౌన్; దాటితే మళ్లీ ఫస్ట్ డౌన్. ఒక్కో అర్ధభాగంలో చివరి రెండు నిమిషాలు తప్ప ఫస్ట్ డౌన్ వచ్చినా గడియారం ఆపకుండా 2023లో నియమం మార్చాక ఈ అంకె కాస్త తగ్గింది కూడా. పాత సీజన్లతో పోల్చేవాళ్లు ఈ సంగతి మరిచిపోయి ‘ఈ ఏడు మావాడికి అవకాశాలు తగ్గించారు’ అంటుంటారు.

రికార్డింగ్ పెట్టుకుని, నోటుబుక్కులో నాలుగు గడులు గీయండి. మొదటి గడిలో ఎన్నో డౌన్, ఎన్ని గజాలు కావాలి. రెండో గడిలో అప్పటి స్కోరు తేడా. మూడో దాంట్లో మీ ఆటగాడు ఉన్నాడా లేడా. నాలుగో దాంట్లో ఆ స్నాప్‌లో అతని పని ఏమయింది: గెలిచాడు, ఓడాడు, తేలలేదు. బంతిని చూడకండి. ఇదే అన్నిటికన్నా కష్టం. కెమెరా బంతి వెంట పోతుంది, మీ కన్ను అతని నంబరు మీదే ఉండాలి. వెనక వరుసలో సేఫ్టీలు టీవీ తెరలో సగం సేపు కనిపించరు, కాబట్టి వాళ్ల గురించి టీవీ చూసి తీర్పు చెప్పకపోవడం మంచిది.

మ్యాచ్ అయ్యాక నాలుగో క్వార్టర్‌లో (ఆఖరి పావు భాగం) తేడా 21 పాయింట్లకు మించిన స్నాప్‌లన్నిటినీ కొట్టేయండి. గెలుపు ఖాయమయ్యాక రెండో వరుసవాళ్లను దింపి ఆడించే ఆట అది. మిగిలినవాటిలో అతను ఎన్నిటికి ఉన్నాడు? ఆ శాతమే అసలు ఆడే సమయం.

శాతం వచ్చాక స్థానాన్ని బట్టి చదవాలి. క్వార్టర్‌బ్యాక్, అఫెన్సివ్ లైన్ అయిదుగురు దాదాపు నూటికి నూరూ ఆడతారు. వాళ్లను మాటిమాటికీ మారిస్తే ఒకరి అడుగు ఒకరికి కుదరదు. కార్నర్‌బ్యాక్‌లు, సేఫ్టీలూ అంతే. అడ్డుకునే జట్టు ముందు వరుస, డిఫెన్సివ్ లైన్, అలా కాదు. అలిపిరి నుంచి గాలిగోపురం దాకా ఏకబిగిన ఎక్కినవాడిని అక్కడే కుస్తీ పట్టమంటే ఏమవుతుంది? వీళ్లకు ప్రతి స్నాప్ అలాంటిదే. అందుకే రెండు జతలుగా తిప్పుతారు. 65 స్నాప్‌లలో 40–45 ఆడిన డిఫెన్సివ్ టాకిల్ (ఆ వరుస మధ్యలో నిలబడేవాడు) పూర్తి స్థాయి స్టార్టరే, అంటే మొదటి వరుసవాడే, ‘మూడో వంతు బెంచీ మీదున్నాడు’ అని బాధపడక్కర్లేదు.

ఇప్పుడు మీరు చెప్పిన ఇద్దరు ఆటగాళ్ల సంగతి. ఎనిమిది టాకిల్స్ ఎక్కడ జరిగాయి? బంతి మొదలైన గీతకు రెండు గజాల్లోపల అయితే బంగారం. పన్నెండు గజాలు పరుగెత్తాక వెనకనుంచి పట్టుకున్నవైతే, ముందు వరుస కారిపోతోందని అర్థం తప్ప అతని గొప్ప కాదు. రెండోవాడు కార్నర్‌బ్యాక్ అయితే టాకిల్స్ తక్కువ ఉండటమే మంచి గుర్తు కావచ్చు. అతని వైపు బంతి విసరడానికి ఎవరూ సాహసించడం లేదేమో. ముందు వరుస మధ్యలో నిలబడే నోస్ టాకిల్ అయితే ఇద్దరిని తనమీదికి లాక్కుని పక్కవాడికి దారి ఇవ్వడమే ఉద్యోగం, కాగితం మీద అతనికి ఏమీ మిగలదు. ప్రో ఫుట్‌బాల్ ఫోకస్ అనే సంస్థ ఒక్కో స్నాప్‌కు మైనస్ 2 నుంచి ప్లస్ 2 దాకా మార్కులు వేసి, ఆపైన నూటికి మార్చి చెబుతుంది. పనికొస్తుంది గానీ, ఆ స్నాప్‌లో కోచ్ అతనికి ఏ పని అప్పజెప్పాడో మార్కులు వేసేవాళ్లకూ ఊహే.

రన్నింగ్ బ్యాక్ విషయంలో ఒక కిటుకు: మూడో డౌన్, ఎనిమిది గజాలు కావాలి అన్నప్పుడు ఎవరు నిలబడ్డారో చూడండి. పరుగులో ఎంత మెరిసినా, దూసుకొచ్చే లైన్‌బ్యాకర్‌ను అడ్డుకుని క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడలేనివాడిని ఆ సమయానికి పక్కకు పిలుస్తారు. అభిమానులు ‘అన్యాయం’ అని కేకలు వేసే సందర్భాల్లో సగం ఇక్కడే తేలిపోతాయి.

ప్రశ్న: ఆటగాడు బాగుపడ్డాడని దేన్ని బట్టి అనుకోవాలి? అంకెలు పెరిగితే చాలా? – ఎం.ఎన్., మదనపల్లె

జవాబు: చాలదు. అందరూ చూపించే ఉదాహరణే తీసుకుందాం. క్వార్టర్‌బ్యాక్ జో బరో ఒహాయో స్టేట్‌లో మూడేళ్లు ఉండి స్టార్టర్ కాలేక 2018లో ఎల్ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ)కు మారాడు. ఆ ఏడాది పాసుల్లో 57.8 శాతం చేరాయి, 2,894 గజాలు, 16 టచ్‌డౌన్లు (గోల్ గీత దాటించిన పాసులు). మరుసటి ఏడాది 76.3 శాతం, 5,671 గజాలు, 60 టచ్‌డౌన్లు, ఉత్తమ కాలేజీ ఆటగాడికి ఇచ్చే హైస్మన్ ట్రోఫీ, 15 మ్యాచులకు 15 గెలుపులు. మనిషి మారాడా? మారాడు. కానీ అదే 2019లో జో బ్రేడీ అనే కోచ్ కొత్త పాసింగ్ పద్ధతి తెచ్చాడు. బంతి అందుకోవడానికి జస్టిన్ జెఫర్సన్, జమార్ చేజ్ ఉన్నారు. ఎవరి వాటా ఎంతో అంకెలు చెప్పవు.

వాటా విడదీయాలంటే విసిరిన ఒక్కో పాసుకు ఎన్ని గజాలు వచ్చాయో చూడండి. మొత్తం గజాల కన్నా ఇది నిజాయితీ గల అంకె. బరోకు 7.6 నుంచి 10.8కి పెరిగింది. ఆపైన మూడో డౌన్‌లో, ఎదుటివాళ్లు మీదపడుతున్నప్పుడు ఏం చేశాడో చూడండి. బలమైన జట్లమీద అంకెలను వేరుగా రాసుకోండి.

పోల్చే కాలం కూడా సరిగ్గా ఉండాలి. సీజన్‌లో సాధన, మీటింగులు, బరువులు అన్నీ కలిపి వారానికి 20 గంటలకు మించకూడదని కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ నియమం. అందులో ఎక్కువ భాగం వచ్చే శనివారం ప్రత్యర్థి కోసమే పోతుంది. కొత్త విద్య నేర్పేది వసంతకాలంలో జరిగే 15 ప్రాక్టీసుల్లో. ఒళ్లు కట్టేది జనవరి నుంచి జులై దాకా. కాబట్టి సెప్టెంబరుకూ అక్టోబరుకూ మధ్య ‘ఎదుగుదల’ వెతకడం దండగ. నిరుటి సెప్టెంబరుతో ఈ సెప్టెంబరును పోల్చండి. బరువు చూస్తామంటారా, జట్టు జాబితాలో రాసిన కిలోల మీద కాణిపాకంలో ప్రమాణం చేయమంటే వెనకాడే కోచ్‌లు తక్కువేం ఉండరు.

ఒక్కోసారి ఎదుగుదల అంటే స్థానం మారడమే. జె.జె. వాట్ స్కూలు నుంచి వచ్చినప్పుడు రెండు నక్షత్రాలవాడు. సెంట్రల్ మిషిగన్‌లో టైట్ ఎండ్‌గా (అఫెన్స్‌లో ఒక స్థానం) చేరి, అది వదిలి విస్కాన్సిన్‌లో స్కాలర్‌షిప్ లేకుండా డిఫెన్సివ్ ఎండ్‌గా మొదలుపెట్టాడు. ప్రొఫెషనల్ లీగ్‌లో ఉత్తమ డిఫెన్స్ ఆటగాడిగా మూడుసార్లు ఎంపికయ్యాడు.

ప్రశ్న: బెంచీ మీద కూర్చోబెట్టగానే వేరే యూనివర్సిటీకి పోతున్నారు. ఇది మంచిదేనా? – శ్రీకాళహస్తి పాఠకురాలు

జవాబు: ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (యూనివర్సిటీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు రాయించుకునే జాబితా) 2018 అక్టోబరులో మొదలైంది. 2021లో ఒకసారి మారితే వెంటనే ఆడొచ్చన్నారు. 2024 ఏప్రిల్ నుంచి చదువు సరిగ్గా సాగుతుంటే ఎన్నిసార్లయినా మారొచ్చు. పైగా 2021 జులై నుంచి ఆటగాళ్లు తమ పేరుమీద డబ్బు సంపాదించుకోవచ్చు.

ఇద్దరిని పక్కపక్కన పెట్టి చూడండి. క్లెమ్సన్‌లో కెల్లీ బ్రయంట్ 2018లో నాలుగు మ్యాచులు స్టార్టర్‌గా ఆడాక, ఆ చోటు కొత్త కుర్రాడు ట్రెవర్ లారెన్స్‌కు ఇచ్చారు. అయిదో మ్యాచ్ ఆడితే సీజన్ ఖర్చవుతుంది కాబట్టి బ్రయంట్ అక్కడే ఆపి, మిగిలిన ఏడాదితో మిస్సోరీకి వెళ్లాడు. అదే ఏడాది అలబామాలో జేలెన్ హర్ట్స్ ఆగాడు. జనవరిలో జాతీయ ఫైనల్ సగంలో అతన్ని తీసేసి టువా టాగోవైలోవాను దింపి గెలిచారు. డిసెంబరులో టువా గాయపడితే హర్ట్స్ వచ్చి జార్జియా మీద కాన్ఫరెన్స్ ఫైనల్ 35–28తో గెలిపించాడు. డిగ్రీ చేతిలో పెట్టుకుని ఓక్లహోమాకు మారాడు. 2025 ఫిబ్రవరిలో ప్రొఫెషనల్ లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లో అత్యుత్తమ ఆటగాడు అతనే. బ్రయంట్ తప్పు చేశాడని మేమనం; అతనికి మిగిలింది ఒకే సీజన్. కానీ మొదటి ఏడాది కుర్రాడైతే ముందు తనకన్నా పై వరుసలో ఎవరున్నారో, వాళ్లకు ఎన్ని సీజన్లు మిగిలాయో చూసుకోవాలి. ఆఖరి ఏడాదివాళ్లు ఇద్దరుంటే ఆగడమే లాభం.

ప్రశ్న: డెప్త్ చార్ట్‌లో (ఏ స్థానానికి ఎవరు ముందో చెప్పే జాబితా) రెండు పేర్ల మధ్య ‘ఆర్’ (OR) అని రాస్తున్నారు. ఎందుకు? – పుత్తూరు విద్యార్థి

జవాబు: ‘ఇతనో అతనో’ అని. ఎదుటి జట్టును తికమక పెట్టడానికి కొంత, ఇద్దరిలో ఎవరూ పోర్టల్ వైపు చూడకుండా ఉండటానికి కొంత. మొదటి మూడు డ్రైవ్‌లలో (బంతి చేతికొచ్చిన వంతులు) ఎవరు దిగారో అదే నిజమైన చార్ట్.

ప్రశ్న: మా మేనల్లుడు బీటెక్ అయ్యాక ఎమ్మెస్‌కు వెళ్లాడు. బంతిని చాలా దూరం తంతాడు. అక్కడి జట్టులో కిక్కర్‌గా ప్రయత్నించొచ్చా? – జి.ఆర్., పలమనేరు

జవాబు: ప్రశ్న బాగుంది, జవాబు చేదు. అయిదేళ్ల గడియారం ఏ దేశంలోనైనా కాలేజీలో పూర్తికాల విద్యార్థిగా చేరిన రోజునుంచే తిరుగుతుంది. బీటెక్‌కే నాలుగేళ్లు పోయాయి. నేరుగా ఎమ్మెస్‌కు వెళ్లుంటే చేతిలో ఒక్క ఏడాది, మధ్యలో ఉద్యోగం చేసుంటే అదీ లేదు. ఆ ఏడాది కోసమైనా ఎన్‌సీఏఏ అర్హత పత్రం, సికిల్ సెల్ పరీక్ష సహా వైద్య తనిఖీ కావాలి. 2025 నుంచి ఆటగాళ్లకు నేరుగా డబ్బు పంచుతున్న యూనివర్సిటీల జట్లలో 105 మందే ఉండాలన్న పరిమితి వచ్చింది. దాంతో స్కాలర్‌షిప్ లేని వాక్-ఆన్‌లకు చోటు ఇరుకైంది. విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లు పేరు అమ్మి డబ్బు తీసుకుంటే వీసాకే ఎసరు రావచ్చు, కాబట్టి ముందు యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో అడగాలి.

దూరం కొలిచేటప్పుడు కూడా జాగ్రత్త: బంతి 30 గజాల గీత దగ్గర ఉంటే ఫీల్డ్ గోల్ (బంతిని స్తంభాల మధ్యకు తన్నడం) 30 గజాలు కాదు, 47. గోల్ స్తంభాలు గోల్ గీతకు 10 గజాల అవతల, ఎండ్ జోన్ చివర ఉంటాయి, బంతిని ఆట మొదలయ్యే గీతకు 7 గజాలు వెనక పెట్టి తంతారు.

ప్రశ్న: ఆ మ్యాచులు మనకు ఎన్ని గంటలకు? – నగరి

జవాబు: తూర్పు అమెరికా సమయంలో శనివారం మధ్యాహ్నం 12 గంటల ఆట మనకు రాత్రి 9:30కి, 3:30 ఆట ఆదివారం తెల్లవారుజామున 1 గంటకు, రాత్రి 7:30 ఆట ఆదివారం పొద్దున 5 గంటలకు. నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారం వెనక్కి తిప్పుతారు. అక్కడినుంచి అన్నిటికీ ఒక గంట కలపండి.