జ్వరం తగ్గాక కూడా ఇంజెక్షన్ ఎందుకు మారుస్తారు?

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు, బరువు 60 కిలోలు. పన్నెండేళ్లుగా షుగర్ ఉంది. చలి వణుకుతో జ్వరం, కుడివైపు వెన్నులో నొప్పి రావడంతో ఆసుపత్రిలో చేర్చాం. కిడ్నీకి ఇన్ఫెక్షన్ అన్నారు. క్రియాటినిన్ 1.9 ఉంది. పైపెరాసిలిన్-టాజోబ్యాక్టమ్ 4.5 గ్రాముల ఇంజెక్షన్ రోజుకు మూడుసార్లు ఎక్కిస్తున్నారు. రెండో రోజుకే జ్వరం తగ్గింది. ఈరోజు యూరిన్ కల్చర్ రిపోర్టు వచ్చింది. ‘ఈ.కోలై, ఈఎస్‌బీఎల్ పాజిటివ్’ అని ఉంది, కానీ ఇదే ఇంజెక్షన్ ఎదురుగా ‘ఎస్’ (అంటే పనిచేస్తుంది) అని కూడా ఉంది. అయినా మెరోపెనమ్‌కు మారుస్తామంటున్నారు. పనిచేస్తున్న మందును మార్చడం దేనికి? రెండు మందులు కలిసిన ఇంజెక్షన్ వల్ల కిడ్నీ మీద భారం పడుతుందా? మిగిలిన డోసులు ఊళ్లో ఆర్‌ఎంపీ చేత వేయించుకోవచ్చా?
– ఓ పాఠకుడు, ఖమ్మం జిల్లా

జవాబు: ముందు ఆ ఇంజెక్షన్ సంగతి. 4.5 గ్రాముల వయల్‌లో 4 గ్రాములు పైపెరాసిలిన్, అర గ్రాము టాజోబ్యాక్టమ్. బ్యాక్టీరియా గోడను దెబ్బతీసి చంపేది పైపెరాసిలిన్. ఆ మందును ముక్కలు చేయడానికి బ్యాక్టీరియా బీటా లాక్టమేజ్ అనే ఎంజైమును వదులుతుంది. టాజోబ్యాక్టమ్ ఆ ఎంజైముకు ఎరగా దొరికి దాన్ని పనిచేయకుండా చేస్తుంది. సొంతంగా అది బ్యాక్టీరియాను చంపేది చాలా తక్కువ. కాబట్టి ఇది రెండు యాంటీబయాటిక్‌ల డబుల్ డోసు కాదు.

ఈఎస్‌బీఎల్ అంటే ఆ ఎంజైముల్లోనే బలమైన రకం. ల్యాబ్‌లో పరీక్షించేటప్పుడు బ్యాక్టీరియా సంఖ్య తక్కువ, అక్కడ ఎర సరిపోతుంది, రిపోర్టులో ‘ఎస్’ పడుతుంది. కిడ్నీలోనో రక్తంలోనో లెక్కకు మించి ఉన్నప్పుడు అదే అర గ్రాము చాలకపోవచ్చు. 2018లో వెలువడిన మెరినో అధ్యయనంలో తేలిందిదే. రక్తంలో ఇలాంటి ఈ.కోలై, క్లెబ్సియెల్లా అనే మరో బ్యాక్టీరియా ఉన్నవారిలో, ల్యాబ్ ‘ఎస్’ అన్నప్పటికీ, 30 రోజుల్లో చనిపోయినవారు పైపెరాసిలిన్-టాజోబ్యాక్టమ్ తీసుకున్నవారిలో 12.3 శాతం, మెరోపెనమ్ తీసుకున్నవారిలో 3.7 శాతం.

అందుకే మీరు డాక్టర్‌గారిని అడగాల్సిన మొదటి ప్రశ్న: ‘బ్లడ్ కల్చర్ ఏమైంది?’ అందులో కూడా ఈ.కోలై పెరిగితే ఇక చర్చే లేదు, మార్చాల్సిందే. రక్తంలో ఏమీ పెరగకుండా, జ్వరం తగ్గి, బీపీ నిలకడగా ఉండి, అన్నం తింటూ ఉంటే ఉన్న మందునే కొనసాగించే డాక్టర్లూ ఉన్నారు, అది తప్పు కాదు. కానీ షుగర్ ఉంది, జబ్బు మూత్రాశయంలో ఆగకుండా కిడ్నీ దాకా వెళ్లింది. నా మొగ్గు మార్చడం వైపే. మూర్ఛకు వాల్‌ప్రోయేట్ వాడుతుంటే మాత్రం ముందే చెప్పండి. మెరోపెనమ్ రక్తంలో దాని మోతాదును బాగా పడగొడుతుంది, ఫిట్స్ తిరగబెడతాయి.

మూడో దారి కూడా ఉంది, దాన్ని చాలామంది మర్చిపోతారు. అదే రిపోర్టులో సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్, కోట్రైమోక్సజోల్ ఎదురుగా ఏముందో చూడండి. ఏ ఒక్కదానికి ‘ఎస్’ ఉన్నా, వాంతులు లేకుంటే మాత్రల్లోకి మారిపోవచ్చు, మెరోపెనమ్ అవసరమే రాదు. కోట్రైమోక్సజోల్ అయితే పొటాషియం పెరుగుతుంది. క్రియాటినిన్ ఎక్కువున్నవారు, బీపీకి టెల్మిసార్టన్, రామిప్రిల్ లాంటివి వాడేవారు మూడు నాలుగు రోజుల్లో పొటాషియం పరీక్ష చేయించాలి. నైట్రోఫ్యురాంటాయిన్, ఫాస్ఫోమైసిన్ ఎదురుగా ‘ఎస్’ చూసి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకోవద్దు. నైట్రోఫ్యురాంటాయిన్ మూత్రంలో చేరుతుందే కానీ కిడ్నీ కండలోకి చాలినంత వెళ్లదు. ఆ రెండూ మూత్రాశయం ఇన్ఫెక్షన్‌కే.

కిడ్నీ భారం గురించి. లెక్క మీరే వేయొచ్చు. 140లోంచి వయసు తీసేస్తే 82. దాన్ని బరువు 60తో గుణిస్తే 4920. 72ని క్రియాటినిన్ 1.9తో గుణిస్తే 136.8. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 36, ఆడవారికి 0.85తో గుణించాలి కాబట్టి సుమారు 31. కిడ్నీలు ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే ఈ అంకెను క్రియాటినిన్ క్లియరెన్స్ అంటారు. 20-40 మధ్య ఉన్నవారికి 4.5 గ్రాములు 8 గంటలకోసారి ఇవ్వడం ఒప్పుకున్న మోతాదే. ఇన్ఫెక్షన్ వల్ల పెరిగిన క్రియాటినిన్ సెలైన్, మందు పడ్డాక రెండు రోజుల్లోనే దిగుతుండొచ్చు, అందుకే ఈ లెక్క రోజూ మళ్లీ వేయాలి. వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా తోడైతే క్రియాటినిన్ పెరగడం ఎక్కువగా కనిపిస్తుంది. కేవలం ఈ.కోలై ఉన్నచోట వాంకోమైసిన్‌తో పనిలేదు. మెట్రోనిడజోల్ బాటిల్ కూడా పక్కన వేలాడుతుంటే ఎందుకని అడగండి. అది చంపే ఆక్సిజన్ అక్కర్లేని బ్యాక్టీరియాను పైపెరాసిలిన్-టాజోబ్యాక్టమే చంపుతుంది.

గుండె జబ్బు, కాళ్ల వాపులు ఉంటే ఇంకో లెక్క: ఒక్కో వయల్‌లో 200 మిల్లీగ్రాములకు పైగా సోడియం ఉంటుంది, దాన్ని కలిపే 100 మిల్లీలీటర్ల నార్మల్ సెలైన్‌లో మరో 350.

ఇక ఆర్‌ఎంపీ సంగతి. వద్దు. కారణం ఆయన మీద చిన్నచూపు కాదు, మందు స్వభావం. కిడ్నీలు బాగున్నవారిలో గంట తిరిగేసరికి సగం మందు బయటికి పోతుంది. బ్యాక్టీరియా చావాలంటే రక్తంలో మందు ఎంతసేపు నిలిచిందన్నదే లెక్క. ఉదయం 6, మధ్యాహ్నం 2, రాత్రి 10 అని పడాల్సిన డోసు ఊళ్లో ఉదయం 9, మధ్యాహ్నం 1, సాయంత్రం 7కు పడుతుంది. రాత్రి నుంచి తెల్లారేదాకా 14 గంటలు ఖాళీ! ఎక్కించే తీరు కూడా ముఖ్యం. వయల్‌లో 20 మిల్లీలీటర్ల స్టెరైల్ వాటర్ పోసి, పొడి పూర్తిగా కరిగేదాకా తిప్పి, 100 మిల్లీలీటర్ల నార్మల్ సెలైన్‌లో కలిపి, కనీసం అరగంట పాటు చుక్కలుగా ఎక్కించాలి. కొన్ని ఐసీయూల్లో కావాలనే ఒక్కో డోసును 4 గంటల పాటు నడుపుతారు. రెండు నిమిషాల్లో సిరంజితో నెట్టేసే మందు కాదిది. చేతికందిన ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్) బాటిల్‌లో కలపడం, అమికాసిన్ అనే మరో యాంటీబయాటిక్‌ను అదే బాటిల్‌లో వేయడం కూడా జరుగుతుంటాయి. అమికాసిన్ అందులో పడితే దాని బలం పోతుంది. వేరే సమయంలో, లైన్ కడిగి ఇవ్వాలి.

అలర్జీ ఇంకా పెద్ద సంగతి. ఇది పెన్సిలిన్ కుటుంబం. చేతి మీద టెస్ట్ డోసు వేసి పొక్కు రాలేదని ధీమాగా ఉండొద్దు, పరీక్ష బాగుండి కూడా రియాక్షన్ రావచ్చు. గతంలో అమోక్సిసిలిన్ లాంటివి పడితే ఒళ్లంతా దద్దుర్లు, పెదాల వాపు, ఆయాసం వచ్చాయా అన్న ప్రశ్నే అసలు టెస్ట్. అడ్రినలిన్, ఆక్సిజన్ అందుబాటులో లేని చోట ఈ ఇంజెక్షన్ వేయించుకోకూడదు.

ఇంటికి వెళ్లడమే ముఖ్యమైతే, మాత్రలేవీ పనికిరాకపోతే, మెరోపెనమ్ కుటుంబానికే చెందిన ఎర్టాపెనమ్ గురించి అడగండి. రోజుకు ఒక్కసారే, 1 గ్రాము, అరగంట. క్లియరెన్స్ 30 లేదా అంతకంటే తక్కువైతే అర గ్రాము. నార్మల్ సెలైన్‌లోనే కలపాలి, గ్లూకోజ్ బాటిల్‌లో కలపకూడదు. రోజూ దగ్గర్లోని ఆసుపత్రి డే కేర్‌కు వెళ్లి వేయించుకుని రావచ్చు. మందు త్వరగా పనిచేసినవారికి మొత్తం కలిపి సాధారణంగా 7 రోజులు చాలు. ఆ లెక్క సరైన మందు మొదలైన రోజు నుంచి.

ఈలోగా గమనించాల్సినవి కొన్ని. క్యాన్యులా (మందు ఎక్కించడానికి నరంలో పెట్టిన చిన్న గొట్టం) ఉన్నచోట ఎర్రబడి తాడులా గట్టిపడితే వెంటనే తీయించండి. ఒకటి రెండుసార్లు విరేచనం పలచగా అవడం ఈ మందుతో మామూలే; రోజుకు మూడు నాలుగుసార్లు నీళ్లలా అవుతూ కడుపునొప్పి, జ్వరం వస్తే చెప్పాలి, ఇది మందు ఆపిన కొన్ని వారాలకూ రావచ్చు. ఇక మంచి మందు పడుతున్నా 72 గంటలకు జ్వరం దిగకపోతే మందు మార్చే ముందు స్కాన్ చేయించాలి. మూత్రనాళంలో రాయి అడ్డుపడినా, కిడ్నీలో చీముగడ్డ ఉన్నా, షుగర్ ఉన్నవారిలో గ్యాస్ చేరినా ఏ యాంటీబయాటిక్‌ అయినా ఒంటరిగా గెలవదు. మూత్రం దిగడానికి స్టెంట్ (సన్న గొట్టం) వేయడమో చీము తీయడమో చేయాలి.

మీ అమ్మగారు కోలుకున్నాక ఏ ఇబ్బందీ లేకుండా ‘ఓసారి చూద్దాం’ అని మళ్లీ యూరిన్ కల్చర్ చేయించకండి. షుగర్ ఉన్న ఆడవారి మూత్రంలో లక్షణాలు లేకుండా బ్యాక్టీరియా కనిపించడం అరుదేమీ కాదు, దానికి మందు అక్కర్లేదు. మంట, జ్వరం, నడుము నొప్పి తిరిగి వస్తేనే పరీక్ష, అదీ మొదటి డోసు మందు పడకముందే.