కొండలు తిరిగొచ్చాక మా లాబ్రడార్ తోక ఎత్తడం లేదు.. విరిగిందా?

ప్రశ్న: మా లాబ్రడార్‌కు నాలుగేళ్లు, బరువు 34 కిలోలు. ఆదివారం అరకు దగ్గర కొండల్లో మాతోపాటు 16 కిలోమీటర్ల దాకా నడిచింది. మధ్యలో వాగులో చాలాసేపు ఈదింది. డిక్కీలో పడుకోబెట్టి విశాఖ తీసుకొచ్చాం. తెల్లారేసరికి తోక వేలాడేసింది, తోక మొదలు దగ్గర ముట్టుకుంటే అరుస్తోంది. పాదాలు అదే పనిగా నాకుతోంది. పారాసిటమాల్ వేయొచ్చా?

జవాబు: తోక విరిగి ఉండకపోవచ్చు. దాన్ని నిలబెట్టి పక్క నుంచి చూడండి. మొదట్లో రెండు మూడు అంగుళాలు వెనక్కి చాచినట్టుండి, అక్కడి నుంచి తాడులా కిందికి వేలాడుతోందా? అయితే అది 'లింబర్ టెయిల్'. తోక మొదట్లోని కండరాలు శ్రమకు దెబ్బతిని పట్టేయడం వల్ల వస్తుంది. లాబ్రడార్లలో తరచూ చూస్తాం. అలవాటు లేని నడక, చన్నీళ్లలో ఈత, ఇరుకులో గంటల తరబడి ప్రయాణం.. కారణాలుగా చెప్పే మూడూ మీ కుక్కకు ఒక్కరోజే జరిగాయి. ఈదేటప్పుడు తోకే దానికి చుక్కాని మరి!

చాలావాటికి వారం, పది రోజుల్లో తగ్గిపోతుంది. అప్పటిదాకా కాలకృత్యాలకు తప్ప బయటికి తిప్పొద్దు. గోరువెచ్చని గుడ్డతో రోజుకు మూడుసార్లు, పది నిమిషాల చొప్పున కాపడం పెట్టండి. తోకలో వంకర కనిపించినా, తోక డోరులో నలిగిందని అనుమానమున్నా, మలమూత్రాలు పట్టు తప్పినా ఎక్స్‌రే తీయించాలి.

మనుషుల మాత్రలు మాత్రం వేయొద్దు. పారాసిటమాల్ మోతాదు మించితే లివర్ దెబ్బతింటుంది. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ అంతకంటే ప్రమాదం: కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు పాడవుతాయి. కుక్కలకు మెలాక్సికామ్ లాంటి నొప్పి మందులు ఉన్నాయి గానీ, ఒంట్లో నీరు తగ్గి ఉంటే అవీ కిడ్నీలకు చేటే. అందుకే పశువైద్యుడు చూసి, బరువును బట్టి రాయాలి. ఈ నొప్పికి మందు ఎంత త్వరగా పడితే అంత మంచిది, రేపటికి వాయిదా వేయకండి.

పాదాలు నాకుతోందంటే మెత్తలు అరిగి ఉంటాయి. నున్నటి టైల్స్ మీద పెరిగిన పాదం రాళ్లబాటకు ఆగదు. అర లీటరు గోరువెచ్చని నీళ్లలో ముప్పావు టీస్పూను ఉప్పు కలిపి కడగండి. వేళ్ల సందుల్లో ముళ్లున్నాయేమో వెతకండి. పైపొర లేచి గులాబీరంగు చర్మం కనిపిస్తే, వేళ్ల మధ్య కాస్త దూది పెట్టి గాజ్ గుడ్డ, దానిపైన కట్టు వేసి రోజూ మార్చండి. మధ్య రెండు గోళ్లు బయటికి కనపడాలి. అవి ఒకదానికొకటి దూరంగా జరుగుతుంటే లోపల పాదం వాస్తోందని, కట్టు బిగుసుకుందని అర్థం. వెంటనే విప్పేయండి. పసుపు, కొబ్బరినూనె పూసినా లాభం లేదు, అంతా నాకేస్తుంది.

ఈ రెండు రోజులూ మూత్రం రంగు గమనించండి. కాఫీ డికాషన్ రంగులో వస్తే కండరాలు చితికి ఆ వ్యర్థం కిడ్నీల్లోకి వెళ్తోందనుకోవాలి. అలా వచ్చినా, తిండి మానేసినా, జ్వరం 103 ఫారన్‌హీట్ దాటినా అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

చెవుల లోపల, చంకల్లో, వేళ్ల సందుల్లో పిడుదులు వెతికి, పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి లాగేయండి. కిరోసిన్ రాయొద్దు. రెండు మూడు వారాల్లో జ్వరం గానీ, ముక్కు నుంచి రక్తం గానీ కనిపిస్తే ఈ కొండ ప్రయాణం సంగతి డాక్టరుకు చెప్పి రక్తపరీక్ష చేయించండి.