దిరిసెన, శిరీషము, నిద్రగన్నేరు

సందేహం: రోడ్డు పక్కన గులాబిరంగు కుచ్చులు పూసే పెద్ద నీడచెట్టును మా వైపు నిద్రగన్నేరు అంటారు. కొందరు దాన్నే శిరీషవృక్షం అంటున్నారు. నిఘంటువులో శిరీషానికి దిరిసెన అన్న అర్థం ఉంది. ఇవన్నీ ఒకటేనా? దిరిసెన శిరీష శబ్దానికి వికృతేనా?

సమాధానం: ఒకటి కావు. రెండు చెట్లూ చిక్కుడు కుటుంబానివే, రెండింటి ఆకులూ పొద్దుగూకేసరికి ముడుచుకుంటాయి కనుక ఈ పొరపాటు పుట్టి ఉంటుంది. నిద్రగన్నేరు అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాల నుంచి తెచ్చి నాటుకున్న చెట్టు. దాని కాయలో జిగురైన తీపి గుజ్జు ఉంటుంది. దిరిసెన మన దేశపుది. దాని పూలు పసుపు కలిసిన తెలుపు, కొసల్లో ఆకుపచ్చ ఛాయ, మంచి వాసన. జానెడు పొడవున్న పలచని కాయలు ఎండితే గాలికి గలగలమంటాయి.

శిరీషాన్ని కాళిదాసు చూసినంత దగ్గరగా చూసిన కవి అరుదు. శాకుంతల ప్రస్తావనలో నటి గ్రీష్మాన్ని పాడుతూ, తుమ్మెదలు మెల్లమెల్లగా ముద్దాడిన శిరీషపుష్పాలను పడుచులు దయతో చెవులకు అలంకరించుకుంటున్నారంటుంది. అక్కడ పువ్వుకు వేసిన విశేషణం ‘సుకుమారకేసరశిఖ’. దిరిసెనలో రేకులు కంటికి ఆనవు. మనం పువ్వనుకునేది సన్నని కేసరాల కుచ్చు మాత్రమే. ఆరో అంకంలో దుష్యంతుడు తాను గీసిన శకుంతల పటంలో ఏమేమి మిగిలిపోయాయో చెబుతూ, చెవిన తురిమిన శిరీషాన్ని ఇంకా గీయలేదంటాడు. దాని విశేషణం ‘ఆగండవిలంబికేసరమ్’, అంటే చెక్కిలి దాకా వేలాడే కేసరాలు కలది. మళ్లీ కేసరాలే! కుమారసంభవంలో మేన పార్వతిని తపస్సు నుంచి వారిస్తూ, శిరీషం తుమ్మెద కాలిని ఓర్చుకుంటుంది గాని పక్షి కాలిని ఓర్చుకోలేదంటుంది. ఇంత చెప్పిన మహాకవి ఉండగా, ‘శిరీషపు రేకుల వంటి పెదవులు’ అని రాసే నేటి కవులు వేసవిలో ఒకసారి ఆ చెట్టు కింద నిలబడి చూస్తే బాగుంటుంది.

తమిళులకు ఇదే పువ్వు, వాగై అన్న పేరుతో, విజయచిహ్నం. విషహరాలలో శిరీషం శ్రేష్ఠమని చరకుడు అన్నాడు. కలప గృహోపకరణాలకు, ఆకు పశువుల మేతకు పనికివస్తాయి.

ఇక వికృతి మాట. నిఘంటువులు దిరిసెనను శిరీష వికృతిగానే చూపుతాయి. శకారం సకారం కావడం శంఖం సంకు కావడంలో చూస్తూనే ఉన్నాం. కాని ఇక్కడ మొదటి దకారం, చివరి నకారం ఆ దారిన తేలికగా రావు. అందుచేత వికృతి అనడం తప్పు కాదంటాను గాని, పట్టుబట్టను. నిద్రగన్నేరును శిరీషమనడం మాటల్లో సాగితే సాగనివ్వండి. పాఠ్యపుస్తకంలోనూ, కావ్యవ్యాఖ్యలోనూ మాత్రం కూడదు. ఆ మాటకొస్తే నిద్రగన్నేరు గన్నేరూ కాదు.