పెళ్లి డబ్బుతో సీఎస్‌ఈ సీటు కొనాలా?

ప్రశ్న: ప్రొద్దుటూరులో కిరాణా కొట్టు నడుపుతున్నాను. మా అమ్మాయికి కన్వీనర్ కోటాలో అనంతపురం జేఎన్‌టీయూలో మెకానికల్ సీటు వచ్చింది. తనకూ అదే ఇష్టం. చుట్టాలేమో 'ఆడపిల్లకు మెకానికల్ ఏంటికి, ఆ గ్రీజు పని ఏం చేస్తుంది' అంటున్నారు. బెంగళూరులో మేనేజ్‌మెంట్ కోటా సీఎస్‌ఈకి (కంప్యూటర్ సైన్స్) ఏడాదికి 3 లక్షలు అడుగుతున్నారు. పెళ్లికని 8 లక్షల ఎఫ్‌డీ ఉంది, 2015లో తెరిచిన సుకన్య ఖాతాలో (ఆడపిల్లల పొదుపు ఖాతా) సుమారు 3.5 లక్షలున్నాయి. ఎఫ్‌డీ తీసేయమంటారా, లోను పెట్టమంటారా?

జవాబు: రెండూ వద్దు. అనంతపురం సీటు వదలకండి.

లెక్క చూడండి. బెంగళూరులో ఫీజు నాలుగేళ్లకు 12 లక్షలు, హాస్టలు, రాకపోకలు కలిపితే 17 లక్షలకు తక్కువ కాదు. ఎఫ్‌డీ మొత్తం ఊడ్చినా ఇంకో 9 లక్షలు అప్పు. 10 శాతం వడ్డీకి పదేళ్లు కడితే నెలకు దాదాపు 11,900 వాయిదా, చదువుకునే రోజుల్లో పేరుకునే వడ్డీ వేరే. మొదటి జీతం పాతిక వేలనుకుంటే అందులో సగం బ్యాంకుకే. అదీ తనకు ఇష్టం లేని బ్రాంచి కోసం! చుట్టాలు వాయిదా కట్టరు కదా.

గ్రీజు సంగతికొస్తే, మెకానికల్ అంటే ఇప్పుడు డిజైను, క్వాలిటీ, ప్లానింగ్ కూడా. పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ ఉంది, మీకు దూరమేం కాదు. 1940లలోనే మద్రాసు గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ చదివిన అయ్యలసోమయాజుల లలిత మన తెలుగావిడే. భర్త పోయి చంటిబిడ్డతో ఉన్న ఆమెను వెనకుండి చదివించింది నాన్నే.

ఇక ఖర్చులు. మీ ఆదాయం అర్హతలో ఉంటే ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది. దాంతో పాటు ఏఐసీటీఈ (కేంద్ర సాంకేతిక విద్యా మండలి) ఇచ్చే ప్రగతి స్కాలర్‌షిప్ చూడండి. ఇది ఇంజినీరింగ్ చదివే అమ్మాయిలకే, ఏడాదికి 50 వేలు. కుటుంబ ఆదాయం 8 లక్షలు దాటకూడదు, మార్కులను బట్టి ఎంపిక. ఇంకో స్కాలర్‌షిప్‌తో కలిపి తీసుకోవచ్చా లేదా అన్న నిబంధన మాత్రం దరఖాస్తుకు ముందే చదవండి. అప్పటికీ చాలకపోతే సుకన్య ఖాతా ఉంది. అడ్మిషన్ కాగితాలు, ఫీజు రసీదు చూపిస్తే నిరుటి మార్చి 31 నాటి నిల్వలో సగం దాకా తీసుకోవచ్చు, రసీదులో ఉన్న మొత్తం మించకుండా. మిగతా సగం కదపొద్దు. ఖాతా 2036 దాకా నడుస్తుంది.

ఎఫ్‌డీలోంచి మాత్రం లక్షన్నర విడిగా, అమ్మాయి పేరుతో వేయండి. నాకు ఎక్కువగా కనిపించే చిక్కు నాలుగో ఏడు అయిపోయాక వస్తుంది. పుణెలోనో చెన్నైలోనో ఉద్యోగం వస్తుంది, గది అడ్వాన్సు, మొదటి నెల ఖర్చు, రైలు టికెట్లు అన్నీ ఒక్కసారి మీద పడతాయి. ఇంట్లో 'అంత దూరం ఎందుకులే' అనడం మొదలవుతుంది. సగం భయం, సగం డబ్బు. డబ్బు సగమైనా ముందే తీర్చేస్తే అమ్మాయి ఆ ఉద్యోగంలో చేరుతుంది.

మిగిలిన ఆరున్నర లక్షలు అలాగే ఉండనివ్వండి. బంగారానికి పేరుమోసిన ప్రొద్దుటూరులో ఉంటూ బంగారం కొనొద్దంటే ఇంట్లో వాళ్లు వినరని తెలుసు, అయినా ఈ నాలుగేళ్లు కాస్త తగ్గించమనండి. రేపు ఎంటెక్ చదువుతానంటే లోను సంగతి అప్పుడు చూద్దాం, స్టేట్ బ్యాంకు లాంటి చోట్ల ఆడపిల్లలకు విద్యారుణంపై అర శాతం వడ్డీ తగ్గింపు ఉంది.

ఈ వారంలోనే మీ వార్డు సచివాలయంలో ఆదాయ ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టండి. అమ్మాయి పేరున బ్యాంకు ఖాతా తెరిచి ఆధార్ లింకు చేయించండి. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్ తెరిచాక వీటికోసం తిరిగితే గడువు దాటిపోతుంది.